క్రేనుకు కట్టిన జడ కోలాటం

నా తల్లి సుప్రజకు,

ఆ ఎండల దేశంలో నిన్ను గండి ఆంజనేయస్వామి చల్లగా చూడాలని మొక్కుకుంటూ అమ్మ రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ నాయనా వేళకు తింటున్నాం, వేళకు పడుకుంటున్నాం. ఆవు ఈనింది. ఆ మేరకు అందరం క్షేమమే. డ్యూటీ పేరు చెప్పి పస్తులుండకుండా నువ్వు కూడా బాగున్నావని తలుస్తాను.

మద్దమ్మ కొడుకు జోసెఫ్ నువ్వు పంపిన సంచి తెచ్చి ఇచ్చాడు. ఖర్జూరాలు, మోకాళ్లకు రాసుకునే మందు, సుగరు చూసుకునే మిషను, వాటి మధ్యలో మడిచిన నీ ఉత్తరం. కువైట్ నుంచి వచ్చినవాళ్లు సబ్బులు, సెంట్లు తెస్తారు. నాకు మాత్రం నీ చేతిరాత వచ్చింది. రెండుసార్లు చదివి దేవుడి పటం దగ్గర పెట్టుకున్నాను. జోసెఫ్ సెలవు అయిపోయింది, మళ్లీ వెళ్తున్నాడు. నీ ఉత్తరానికి ఉత్తరంతోనే జవాబు రాసి అతని చేతికే ఇస్తున్నాను.

నువ్వు అడిగినవి ఒక్కొక్కటిగా చెబుతాను. బోరులో నీళ్లు ఇంకా ఉన్నాయి కానీ గంటసేపు మోటరు ఆడితే ఆగిపోతున్నాయి. అరటికి ఈసారి ధర లేదు. చాలామంది గెలలు కోయకుండా మేకలను తోటలోకి వదిలారు. మనం కోశాం, కోత కూలికి సరిపోయింది. నీ మిషనుతో వేలు పొడుచుకుని చూసుకున్నాను. పరగడుపున ఒకసారి, తిన్నాక ఒకసారి, నువ్వు రాసినట్టే. ఎంత ఉండాలన్నావో అంతే ఉంది. నాకు సుగరు లేదు, బీపీ లేదు.

మరి పోయిన నెల పార్టీ నాయకుడి పుట్టినరోజు నాడు, కోలాటం మధ్యలో కళ్లు తిరిగి చేతిలో తాడు ఎందుకు జారిందని పేజీ నిండా ప్రశ్నలు రాశావు. లేవగానే తూలుతోందా, చెమటలు పట్టాయా, ఆ రోజు ఏమి తిన్నాను అని. నర్సువు కదా, అలాగే అడుగుతావు. వాటికి జవాబు ఈ ఉత్తరంలోనే ఉంది, కానీ అక్కడికి నేను నడిచి రావాలి. తొందరపడి చివరి పేజీ తిప్పొద్దు.

నీ రూములో ఉండే కేరళ అమ్మాయి ఫోన్లలో తిరిగిన ఆ రోజు వీడియో చూసి, ఇదేమి ఆట, మీ ఊళ్లో ఆడవాళ్లంతా ఆడతారా అని అడిగిందట కదా. ఆమెకు చెప్పు, ఇది జడ కోలాటం. గుడి ముందు దూలానికి ఒక చక్రం కడతారు. చక్రం నుంచి పదహారు తాళ్లు వేలాడతాయి. ఒక్కొక్కరం ఒక చేత్తో తాడు, ఒక చేత్తో కోల పట్టుకుంటాం. సగం మందిమి కుడికి, సగం మందిమి ఎడమకు తిరుగుతాం. ఎదురొచ్చిన మనిషి తాడు కింద దూరి, తర్వాత వచ్చే మనిషి తాడును దాటి పోతుంటే, పైనుంచి జడ అల్లుకుంటూ కిందికి దిగుతుంది. మళ్లీ వెనక్కి ఆడితే విప్పుకుంటూ పైకి పోతుంది. అల్లిన జడ విప్పకుండా ఆట ఆపకూడదు. ఒక్కరు తప్పు అడుగు వేసినా ఇక అది విప్పుకోదు, ముడి పడిపోతుంది.

ఆడవాళ్లంతా ఎప్పటినుంచో ఆడుతున్నారని ఆ అమ్మాయి అనుకుంటుందేమో. కాదు. నా చిన్నప్పుడు చెక్కభజన ఉండేది, అది మగవాళ్లది. గజ్జెలు కట్టి, చెక్కలు వాయిస్తూ రాముడి గుడి ముందు ఎగిరేవాళ్లు. మేము అరుగుల మీద కూర్చుని చూసేవాళ్లం. మా అమ్మకు మంచి గొంతు ఉండేది, కానీ విసుర్రాయి దగ్గర తప్ప పాడలేదు. పిండిమర వచ్చాక ఆ పాటలు కూడా మానేసింది. తర్వాత టీవీ వచ్చింది. సాయంత్రమైతే భజన చేసే మగవాళ్లు కూడా దాని ముందే. గుళ్లో మైకు పెట్టి క్యాసెట్టు వేశారు. దేవుడికి కూడా రికార్డు పాటే.

నువ్వు పదో తరగతిలో ఉండగా బసవన్న మన ఊరికి వచ్చాడు గుర్తుందా? ఆత్మకూరు వైపు మనిషి, ఊరూరా తిరిగి ఆడవాళ్లకు కోలాటం నేర్పేవాడు. నలభై దగ్గరపడిన ఆడవాళ్లు వీధిలో కాలు కదపడమా అని ఊరు నవ్వింది. "ఈ వయసులో రికార్డింగ్ డ్యాన్సా మే?" అన్నాడు మీ నాయన. బసవన్న పక్కనే ఉన్నాడు. "దేవుని ముందర ఆడేదానికి వయసేందప్పా? ఆయప్పకు మనందరికంటే శానా ఏండ్లు" అన్నాడు. మీ నాయన కూడా నవ్వి ఊరుకున్నాడు.

పదహారు మంది కావాలి, పదిహేను మందిమి కుదిరాం. ఇక వద్దులే అన్నది ఎదురింటి సిద్దమ్మ. "పదహారో తాడు నేనే పట్టుకుంటా. చీర మాత్రం మీరే కట్టాల, నాకు కుచ్చిళ్లు పెట్టుకునేది రాదు" అన్నాడు బసవన్న. అందరూ నవ్వుతున్నప్పుడు నేను మద్దమ్మ పేరు చెప్పాను. మన తోటలో నాతోపాటు గెలలు మోసే మనిషి, ఆమె అడుగు ఎంత నిలకడో నాకు తెలుసు. నవ్వు ఆగిపోయింది. "కాలనీ మనిషా?" అన్నది సిద్దమ్మ. కాసేపటికి తనే, "సరేలే, గుడి లోపలికి గాదు గదా, ముందర్నే గదా" అన్నది. ఆ రోజు ఆ మాటకే సంతోషపడ్డాను. ఇప్పుడు తలచుకుంటే నోరు చేదవుతుంది.

మొదట్లో మద్దమ్మ నన్ను "అమ్మా" అని పిలిచేది. ఆటలో ఆమె నా ఎదురు మనిషి. ఆమె తాడు కింద నేను దూరాలి, నా తాడు కింద ఆమె దూరాలి. ఒకరోజు నేను తప్పు వైపు తిరగబోతుంటే, "లక్ష్మక్కా, ఇట్లా!" అని అరిచింది. అప్పటినుంచి అక్కనయ్యాను. శ్రావణ శనివారాల్లో గండికి వెళ్లి స్వామి ముందు ఆడేవాళ్లం. ఒకే టెంపోలో కూర్చుని, ఒకే సద్ది విప్పుకుని తినేవాళ్లం. నేను గొప్ప మార్పు తెచ్చానని చెప్పను తల్లీ. ఆటకు మనిషి కావలసి వచ్చింది, మనిషి వచ్చింది. కానీ అది బాగుండేది.

ఇప్పుడు ఆ రోత సంగతి.

నాయకుడి పుట్టినరోజు వేంపల్లెలో చేస్తున్నారు, మన కోలాటం పెడతారు అని మీ నాయన ఒకరోజు సంబరంగా చెప్పాడు. గుడి కమిటీకి ఛైర్మన్ కావాలని ఆయనకు ఎప్పటినుంచో ఉంది. దేవుడి ముందు ఆడేది మనిషి ముందు ఎందుకన్నాను. "యాడ ఆడినా ఆటే గదా. పెద్దాయన కంట్లో పడితే గుడికే మంచిది" అన్నాడు. మిగతావాళ్లు కొత్త చీరలు ఇస్తారని ఒప్పుకున్నారు. నేనూ వెళ్లాను.

దారి పొడవునా ఫ్లెక్సీలు. నాయకుడి నవ్వు ముఖం ఒకటి పెద్దగా, చుట్టూ అంటుకున్న చిన్న ముఖాలు ఎన్నో. వాటిలో మీ నాయనది కూడా ఉంది, చెవి పక్కన, అగ్గిపెట్టె అంత. ఆయన దాన్ని వేలు పెట్టి చూపించాడు. నాకు సిగ్గు వేసింది. మేము వెళ్లేసరికి క్రేనుతో చీనీ బత్తాయిల దండ లేపుతున్నారు. ఇక్కడ అరటి అమ్ముడుపోక మేకల పాలవుతుంటే, అక్కడ లారీడు చీనీకాయలు గాలిలో వేలాడుతున్నాయి. ఫొటో తీసుకున్నాక దండ కిందికి వదిలారు. జనం మీద పడి పీకారు. కొన్ని కాయలు సంచుల్లోకి, మిగతావి కాళ్ల కిందికి. నాయకుడు కత్తితో కేకు కోశాడు. కూరగాయల కత్తి కాదమ్మా, యుద్ధానికి పోయే కత్తి. ఆ కేకు ఒకరి ముఖాలకు ఒకరు పూసుకున్నారు. పెద్దపెద్ద మీసాల మగవాళ్లు చెవుల్లోకి క్రీము పోయి కేకలు వేస్తున్నారు.

మా చక్రాన్ని అదే క్రేను కొక్కేనికి కట్టారు. మా తాళ్లు వద్దని, పార్టీ రంగుల తాళ్లు ఇచ్చారు. రాముడి పేరు వచ్చే ప్రతి చోటా నాయకుడి పేరు పెట్టి పాడమన్నారు. "గొంతు బాగాలేదప్పా" అని బసవన్న పక్కకు తప్పుకున్నాడు. సిద్దమ్మ పాడింది. బాగానే పాడింది, అదే నాకు మరీ అసహ్యం వేసింది. ఆ నలిగిన చీనీకాయల రసంలో, కేకు మురికిలో చెప్పుల్లేని కాళ్లతో తిరిగాం. కొక్కెం నుంచి నల్లటి నూనె చుక్క నా భుజం మీద పడింది. దేవుడి ముందు ఆడిన అడుగులే అవి. కాళ్లు మారలేదు, తల ఎత్తితే కనిపించేది మాత్రం మారింది.

జడ సగం అల్లాక, మైకు పట్టుకున్న పిల్లవాడొకడు ఆపమన్నాడు. నాయకుడి భార్య ఒక తాడు పట్టుకుంటుందట, ఫొటో కోసం. పదహారు చేతుల్లో పదహారు తాళ్లున్నాయి. ఎవరో ఒకరు తప్పుకోవాలి. ఊరు తెలియని ఆ పిల్లవాడు మా ముఖాల వంక చూశాడు. ఆ తర్వాత మా వెనక ఉన్న మగవాళ్ల వంక చూశాడు. అక్కడినుంచి ఎవరో సైగ చేశారు. నేరుగా మద్దమ్మ దగ్గరికి వచ్చాడు.

"నువ్వు కొంచెం ఆ పక్కకు పోమ్మా."

"జడ సగంలో ఉండాది సారూ. ఇడ్సకూడదు" అన్నది మద్దమ్మ.

"ఒక్క నిమిషం, ఫొటోకి. ఇయ్యి" అంటూ వేళ్ల మధ్యనుంచి తాడు లాక్కున్నాడు.

నాయకుడి భార్య తాడును రెండు వేళ్లతో పట్టుకుంది, చచ్చిన ఎలుక తోకలాగా. పట్టుకుని కెమెరా వైపు నవ్వింది. మద్దమ్మ కోల చేతిలో పట్టుకుని క్రేను పక్కన నిలబడింది. కొత్త చీర, తలలో పూలు. ఎక్కడ చూడాలో తెలియక క్రేను టైరు వంక చూస్తోంది. మా పదిహేను మందిలో ఒక్కరూ నోరు తెరవలేదు.

వీడియోలో ఆ తర్వాత నీకు కనిపించింది నా తాడు జారడం, జడ వదులై పోవడం, నాయకుడి భార్య మీద తాళ్లు పడటం, నేను కింద కూర్చోవడం.

సుప్రజా, నాకు కళ్లు తిరగలేదు. తాడు జారలేదు. నేనే వదిలాను.

వదలాలని ముందుగా అనుకోలేదు. సైగ చేసింది ఎవరో అప్పుడే చూశాను. నాయకుడి భార్య నవ్వేసరికి చెయ్యి విడిపోయింది. సైగ చేసిన ఆ మనిషి మీ నాయన. చెయ్యి కూడా ఎత్తలేదు. గడ్డం ఇంత పైకి లేపి మద్దమ్మ వైపు చూపించాడు, మన తోటలో ఏ గెల కోయాలో చూపించినట్టు.

తాళ్లు కిందపడగానే ఆయనే అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చాడు. "సుగరు తగ్గింది! సోడా తేండప్పా, సోడా!" అని అరిచి నన్ను కూర్చోబెట్టి నోట్లో సోడా పోశాడు. నోటినిండా సోడా ఉన్న మనిషి ఏం చెబుతుంది? నీకు ఫోనులో చెప్పింది కూడా అదే మాట. నువ్వు అక్కడ భయపడి మిషను కొన్నావు. ఇంట్లోనే పుట్టిన అబద్ధానికి నువ్వు మందు వెతికావు తల్లీ, అందుకే ఇన్నాళ్లు రాయలేకపోయాను.

ఇంటికొచ్చాక అడిగాను.

"ఎవరో ఒకరు ఇయ్యాల గదా. ఒక్క నిమిషానికి ఏమాయ?" అన్నాడు.

"అయితే నా తాడు ఇయ్యమని ఎందుకు చూపించలేదు?"

"నువ్వు నా పెండ్లానివి!"

ఆయనకు అది జవాబు. అంతకంటే ఇంకేం కావాలన్నట్టు నా వంక చూశాడు. ముప్పై ఏళ్లు ఆ ముఖానికి కాఫీ ఇచ్చాను. ఆ రోజు గ్లాసు అరుగు మీద పెట్టి లోపలికి పోయాను.

అంతటితో అయిపోతే బాగుండేది. నాయకుడే స్వయంగా నన్ను పరామర్శించడానికి వస్తున్నాడని కబురొచ్చింది. మీ నాయన వరండాకు సున్నం కొట్టించాడు, కుర్చీలు తెప్పించాడు. నన్ను మంచం మీద పడుకోమన్నాడు, దుప్పటి కప్పుకోమన్నాడు. మిట్టమధ్యాహ్నం, మే నెల ఎండ! "నేను కూర్చుంటాను" అన్నాను. "కూర్చో, కానీ నీరసంగా కూర్చో" అన్నాడు. కోపంలోనూ నవ్వొచ్చింది.

నాయకుడు వచ్చాడు. వెనక ఇరవై మంది, కెమెరా. ఆపిల్ పండ్ల బుట్ట నా ఒళ్లో పెట్టారు. "ఎట్లుండావమ్మా ఇప్పుడు?" అన్నాడు.

నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాదు, నీకు తెలుసు. అయినా ఆయనకు వినపడేటట్టే చెప్పాను. "నాకేమీ కాలేదు సార్. మద్దమ్మ తాడు తీసుకున్నారు గదా, దానికి నేనే నా తాడు ఇడ్సినా."

మీ నాయన ముఖం పాలిపోయింది. నాయకుడు తిడతాడనుకున్నాను, లేచిపోతాడనుకున్నాను. కెమెరా అతను "సార్, ఇటు" అన్నాడు. ఆయన అటు తిరిగి, నా తల మీద చెయ్యి పెట్టి, "మంచిదమ్మా, రెస్టు తీసుకో" అన్నాడు. ఫొటో పడింది. లేచి వెళ్లిపోయారు. ఆయన వినలేదు సుప్రజా. వినడానికి రాలేదు. సాయంత్రానికి ఆ ఫొటో అందరి ఫోన్లలో ఉంది, అస్వస్థతకు గురైన కళాకారిణికి పరామర్శ అని. కళాకారిణి నేను. తిట్టినా ఇంత రోత పుట్టేది కాదు. ఆ ఆపిల్ పండ్లు ఆవుకు వేశాను.

మరునాడు కాలనీకి వెళ్లాను. నేను చేసింది మద్దమ్మకు కాస్త ఊరట అయి ఉంటుందని నా మనసులో ఉంది, దాచను. ఆమె చాటలో వేరుశనగ గింజలు ఏరుతోంది. కుర్చీ వేసింది, తను లేచి నిలబడింది.

"నీ కోసమే ఇడ్సినా మద్దమ్మా" అన్నాను.

"నా కోసమా? నేనడిగినానా అమ్మా?" అన్నది. అక్కా అనలేదు. "ఫొటో అయినంక నా తాడు నాకిచ్చేటోళ్లు. జడ ఇప్పేదాన్ని. ఇప్పుడు ఆటే పాయ. నా వల్లనే చెడిందని సిద్దమ్మ ఊరంతా చెప్తాండాది. ఇడ్సింది నువ్వు, తిట్లు నాకు. నువ్వు పడిపోతే నాయకుడు పండ్లు తెచ్చె. నేను పక్కన నిలబడుకోనుంటే ఎవరన్నా మంచినీళ్లు ఇచ్చినారా?"

నేనూ ఇవ్వలేదు. జోసెఫ్ గడప దగ్గర నిలబడి విన్నాడు. "లోపలికి రా మా, ఎండలో ఉండావు" అని వాళ్లమ్మను పిలిచాడు. ఇంటికి తిరిగొస్తుంటే నా మీద నాకే వెగటు పుట్టింది. మీ నాయన గడ్డంతో ఆమెను తీసేశాడు. నేను చెయ్యి వదిలి ఆమె ఆట తీసేశాను. ఇద్దరిలో ఒక్కరమూ ఆమెను అడగలేదు.

శ్రావణం వస్తోంది. గండిలో ఆడాలని పోయిన వారం అందరూ మన వరండాలో కూడారు. మద్దమ్మ బదులు సిద్దమ్మ కోడలిని పెట్టుకుందామన్నారు. "ఎందుకొచ్చిన గొడవ లక్ష్మక్కా? ఆ యమ్మకు కూడా బాగుండదు" అన్నది సిద్దమ్మ, ఎంతో దయ ఉన్నట్టు. మద్దమ్మ పట్టుకునే దాకా నేను తాడు పట్టుకోనన్నాను. అయితే నీ బదులు కూడా ఒకరిని చూస్తాం అన్నారు. చూసుకోమన్నాను. నన్ను తీసేసినందుకు నాకు ఏడుపు రాలేదు. స్వామి ముందు అడుగు వేయని శ్రావణం ఎలా ఉంటుందో తలచుకుంటే మాత్రం వస్తోంది.

బసవన్నకు ఫోను చేశాను. "పిలిచేవాళ్లు పిలిస్తే ఆ యమ్మ వస్తాది. నువ్వు పిలిస్తే జాలిపడినట్టు ఉంటాది. పొమ్మన్న నోరే రమ్మనాల" అన్నాడు. అది మీ నాయన నోరు.

ఆయనతో చెప్పాను. "నేను ఆమె గడప తొక్కాల్నా?" అన్నాడు. అప్పటినుంచి మా ఇద్దరి మధ్య అన్నం గిన్నె శబ్దం తప్ప ఇంకేమీ లేదు. ఆయన చెడ్డవాడు కాదు. నిన్ను నర్సు చదివిస్తానంటే అన్నదమ్ములందరూ నవ్వినప్పుడు ఎవరి మాటా వినని మనిషి. ఆ మనిషే ఆ గడ్డం ఎత్తాడు. ఈ రెండూ నా కడుపులో కలవడం లేదు.

ఈ ఉత్తరం అతికించకుండానే జోసెఫ్‌కు ఇస్తున్నాను. దారిలో చదివితే చదవనీ. ఇందులో అతని తల్లి గురించి ఉంది, అతనికి ఆ హక్కు ఉంది.

నీతో ఒకటే పని. మీ నాయన నా మాటకు మొండికేస్తాడు, నీ మాటకు మాత్రం తల వంచుతాడు. శ్రావణం లోపల ఆయన కాలనీకి నడిచి వెళ్లి, "వచ్చి నీ తాడు పట్టుకో మద్దమ్మా" అని పిలవాలి. వస్తుందో రాదో ఆమె ఇష్టం. రానన్నా, ఆ మాట ఆయన నిలబడి వినాలి. ఈసారి ఫోను చేసినప్పుడు నా ఆరోగ్యం గురించి అడగవద్దు. "మద్దమ్మను పిలిచినావా నాయనా?" అని అడుగు. వానల గురించి చెబుతాడు, దగ్గుతాడు, సరిగా వినపడటం లేదంటాడు. ఫోను పెట్టేసినా పెట్టేస్తాడు. నొచ్చుకోకు. మళ్లీ చెయ్యి. మళ్లీ అదే అడుగు.

ఇట్లు,
నీ జవాబు కోసం ఎదురుచూసే
మీ అమ్మ, నాగలక్ష్మమ్మ